గోడ బయటి ముఖానికీ ఒక కాగితం ఇప్పించండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) సంస్థల అధ్యక్షులకు, సభ్యులకు,

కొత్త ఫ్లాటులో దిగే రోజున తాళాలతో పాటు ఒక ప్లాస్టిక్ ఫైలు చేతికొస్తుంది. గీజరు వారంటీ, కుళాయిల వారంటీ, ఇంటర్‌కమ్ వాడే పద్ధతి అన్నీ అందులో ఉంటాయి. లిఫ్టు, జనరేటరు, మురుగునీటి ప్లాంటు కాగితాలు విడిగా అసోసియేషన్‌కు వెళతాయి. ఎండావానా అంతా భరించే బయటి గోడ గురించి మాత్రం ఆ ఫైల్లో ఒక్క ముక్క ఉండదు. ఏ మాలుతో పూత పూశారు, ఎంత మందం, లోపల ఇనుముకు ఎంత కాంక్రీటు కప్పు ఉంది, రంగు ఎన్నేళ్లకు మళ్లీ వేయాలి, కిటికీల చుట్టూ పట్టించిన సిలికాన్ ఎప్పుడు మార్చాలి, ఇవేవీ కొన్నవాళ్లకు తెలియవు. కట్టినవాళ్లకు తెలుసు. కానీ వాళ్లు అప్పటికి ఇంకో సైటుకు వెళ్లిపోయి ఉంటారు.

నేను విశాఖపట్నంలో పాత అపార్టుమెంట్లకు మరమ్మతులు చేయించే సివిల్ ఇంజనీరును. అసోసియేషన్ వాళ్లు ఫోన్ చేసి, "బాల్కనీ కింద పెచ్చులూడుతున్నాయి, ఒకసారి వచ్చి చూడండి సార్" అంటారు. వెళ్లి మొదట అడిగేది కాగితాలు. వాళ్లు శాంక్షన్ ప్లాను తెచ్చి పరుస్తారు. అందులో గదుల కొలతలుంటాయి, గోడ సంగతి ఉండదు. ఇక సుత్తితో తట్టుకుంటూ పోయి, డొల్ల చప్పుడు వచ్చిన చోట చెక్కి, చువ్వ ఎంత లోతులో ఉందో టేపు పెట్టి కొలవాలి. కట్టిన రోజున ఒక పేజీలో రాసిపెడితే సరిపోయే సమాచారాన్ని పదేళ్ల తర్వాత గోడ పగలగొట్టి రాబట్టుకుంటున్నాం.

2016 నాటి రెరా చట్టం 14వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ మీకు కంఠతా ఉంటుంది. ఫ్లాటు అప్పగించిన నాటి నుంచి ఐదేళ్లలోపు నిర్మాణంలో గానీ పనితనంలో గానీ నాణ్యతలో గానీ లోపం బయటపడి, కొన్నవాళ్లు చెబితే, ప్రమోటరు అదనపు డబ్బు అడగకుండా ముప్పై రోజుల్లో సరిచేయాలి. మంచి నిబంధన. కొన్నవాళ్లలో సగం మందికి ఇది ఉందనే తెలియదు, అది వేరే బాధ. నా ఇబ్బంది మరొకటి. బయటి గోడ ఐదేళ్లలో నోరు విప్పదు. మొదటి మూడు నాలుగేళ్లు కొత్త రంగు అన్నిటినీ కప్పేస్తుంది. ఆ తర్వాత సన్నని పగుళ్లలో తడి దిగడం మొదలవుతుంది. నేను చూసినంతలో ఆరో ఏటో ఏడో ఏటో పడకగది పడమటి గోడ మీద మొదటి చెమ్మ మరక తేలుతుంది. ఇనుము తుప్పు పట్టి కాంక్రీటును తోసేయడానికి ఇంకొన్నేళ్లు కావాలి. అప్పటికి చట్టం ఇచ్చిన గడువు తీరిపోయి ఉంటుంది, అసోసియేషన్ దాచుకున్న కార్పస్ ఫండ్‌ను లిఫ్టు మోటారు మింగేసి ఉంటుంది.

కాంక్రీటులో ఉన్న ఇనుము ఎందుకు చెడుతుందో కాస్త వివరంగా చెప్పనివ్వండి. గొడవంతా అక్కడే ఉంది. తాజా కాంక్రీటులో క్షారగుణం చాలా ఎక్కువ, దాని పీహెచ్ 12 దాటి ఉంటుంది. ఆ క్షారంలో ఇనుము మీద ఒక పలుచని రక్షణ పొర ఏర్పడుతుంది. అది ఉన్నంతకాలం తుప్పు రాదు. దాన్ని చెరిపేవి రెండు. ఒకటి గాలిలోని కార్బన్ డయాక్సైడ్. అది పైనుంచి మెల్లగా లోపలికి దిగుతూ క్షారగుణాన్ని తగ్గిస్తుంది. రెండోది ఉప్పు, అంటే క్లోరైడ్. ఇది పొరనే తూట్లు పొడుస్తుంది. హైదరాబాదులో మొదటిదే ప్రధాన శత్రువు. విశాఖలో, కాకినాడలో, మచిలీపట్నంలో రెండూ కలిసి వస్తాయి. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్ల దాకా చోటు తీసుకుంటుంది. అంత చోటు లేక కాంక్రీటు చువ్వ వెంబడే పగిలి, పెచ్చుగా లేచి, కింద నిలబెట్టిన స్కూటరు మీద పడుతుంది.

గాలికీ ఉప్పుకూ, రెంటికీ అడ్డు చువ్వ మీది కాంక్రీటు కప్పే. కార్బన్ డయాక్సైడ్ లోపలికి దిగే వేగానికి ఒక లెక్క ఉంది: లోతు కాలపు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. అంటే ఒక కాంక్రీటులో 40 మిల్లీమీటర్ల కప్పు దాటడానికి 60 ఏళ్లు పడితే, అదే కాంక్రీటులో 20 మిల్లీమీటర్లు దాటడానికి 30 ఏళ్లు పట్టవు, 15 ఏళ్లే పడతాయి. కప్పు సగం చేస్తే ఆయుష్షు పావు వంతవుతుంది. బిల్డింగు కొనే మనిషి ఈ ఒక్క లెక్క తెలుసుకుంటే చాలు, బ్రోచర్లో ఈతకొలను బొమ్మ కన్నా ముందు కప్పు ఎంతని అడుగుతాడు.

మన ప్రమాణం ఐఎస్ 456 ఈ విషయంలో పిసినారితనం చూపలేదు. 2000 సంవత్సరపు కూర్పులోనే పరిసరాలను ఐదు తరగతులుగా విడదీసి, వరుసగా 20, 30, 45, 50, 75 మిల్లీమీటర్ల కప్పు చెప్పింది. కాంక్రీటు బలం కూడా ఎం20 నుంచి ఎం40 దాకా తరగతితో పాటు పెరుగుతుంది. సముద్రపు గాలి నేరుగా తగిలే కట్టడం మూడో తరగతిలోకి వస్తుంది: 45 మిల్లీమీటర్లు, ఎం30. కెరటాల తుంపర పడే చోటైతే నాలుగోది: 50 మిల్లీమీటర్లు, ఎం35. బీచ్‌రోడ్డు పక్క భవనానికీ, సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన ఉన్న ఊళ్లోని భవనానికీ ఒకే డ్రాయింగు నకలు తీసి వాడడం నేను చూశాను. కప్పు ఎంతన్నది రెండింట్లోనూ ఒకటే. గాలి మాత్రం ఒకటి కాదు.

డ్రాయింగులో సరిగ్గా రాసినా సైటులో అది మిగలడం మరో కథ. కవర్ బ్లాకులు వేయాల్సిన చోట కంకర ముక్కలు దూరుస్తారు. స్లాబు పోసే రోజున తట్టలు మోసేవాళ్లు చువ్వల మీదే నడుస్తారు. కంకర ముక్కలు జారిపోతాయి, చువ్వ సెంట్రింగు రేకును తాకుతుంది. సన్‌షేడ్‌ది మరీ అన్యాయం. గోడలోంచి బయటికి చాచిన పలక కాబట్టి దానికి బలమిచ్చే చువ్వలు పైభాగంలో ఉండాలి. తొక్కిడికి అవి కిందికి దిగిపోతాయి. ఎక్కడ అవసరమో అక్కడ ఇనుము ఉండదు, ఎక్కడ వానగాలి తగులుతుందో అక్కడికి చేరుతుంది. అందుకే పాత అపార్టుమెంట్లలో మొదట ఊడేది సన్‌షేడే. ఏసీ మెకానిక్కులు దాని మీద నిలబడి పని చేస్తారు. ఆ కుర్రాళ్లను చూసినప్పుడల్లా నాకు గుండె ఝల్లుమంటుంది.

నీళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కాంక్రీటు కలిపే నీళ్లలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని అదే ప్రమాణం అంటుంది. తీరప్రాంతంలో బోరు నీళ్ల పరీక్ష రిపోర్టు చూపించమంటే మేస్త్రి నవ్వుతాడు. ఉప్పు సముద్రం నుంచి రావడానికి ఏళ్లు పడుతుంది, బోరు నుంచి మొదటి రోజే వచ్చేస్తుంది. ఇక తడపడం. ఫ్లైయాష్ కలిసిన సిమెంటుకు కనీసం పది రోజులు తడి ఆరకూడదు, పద్నాలుగు దాకా పెంచడం మేలు. ఆ సిమెంటు ఉప్పును బాగా ఆపుతుంది, నిజమే. కానీ తడి సరిగా అందకపోతే పైపొర గుల్లగా మిగిలి, ఆపాల్సిన దాన్నే లోపలికి పిలుస్తుంది. మే నెలలో స్తంభానికి గోనెపట్టా చుట్టి పొద్దునొకసారి, సాయంత్రమొకసారి పైపు పట్టి వెళ్లిపోతే మధ్యాహ్నానికే అది ఎండిపోయి ఉంటుంది.

కాంక్రీటు మీద పూత గురించి మనవాళ్లకున్న నమ్మకం ఒకటుంది: సిమెంటు ఎక్కువ వేస్తే గోడ గట్టిగా ఉంటుందని. ఇంటివాళ్లే దగ్గర నిలబడి ఇంకో బస్తా విప్పిస్తారు. సిమెంటు పెరిగిన కొద్దీ మాలు ఆరేటప్పుడు ఎక్కువ ముడుచుకుంటుంది, జాలీలాగా పగులుతుంది. బయటి గోడకు ఒక పాలు సిమెంటుకు ఐదారు పాళ్ల ఇసుకతో, రెండు చేతులుగా, మొత్తం 20 మిల్లీమీటర్ల పూత చాలు. రోబో శాండులో (రాయిని పొడి చేసిన ఇసుకలో) దుమ్ము ఎక్కువైనా అదే ముడత. కాంక్రీటు బీము, ఇటుక గోడ కలిసే చోట రెండూ ఎండకు రెండు రకాలుగా కదులుతాయి. అక్కడ పూతకు ముందు చికెన్ మెష్ కొట్టకపోతే బీము వెంబడి గీత గీసినట్టు పగులు వస్తుంది. తేలికపాటి ఏఏసీ బ్లాకుల గోడలొచ్చాక ఈ గీతలు మరీ పెరిగాయి. చదరపు గజం మెష్ ఖరీదెంతో తెలిసినవాళ్లెవరైనా ఇది డబ్బు ఆదా కోసం మానేసిన పని అనరు. అడిగేవాళ్లు లేక మానేసిన పని.

పాత కాలపు గానుగ సున్నమే మేలని మీ దగ్గర కూడా ఎవరైనా అనే ఉంటారు. కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపి నూరిన సున్నం గొప్పది, కాదనను. అది గోడలోని తడిని బయటికి పోనిస్తుంది, చిన్న పగుళ్లను తనే పూడ్చుకుంటుంది. 1591 నాటి చార్మినార్ దానితోనే నిలిచింది. అయితే ఎవరూ చేయి పెట్టకుండా నిలవలేదు, తరతరాలుగా మరమ్మతులు చేస్తూ వచ్చారు. అలాంటి కట్టడం నుంచి కూడా 2019 మేలో ఒక మినారు మీది సున్నపు అలంకారం ముక్క ఊడి పడింది. పదిహేను అంతస్తుల అపార్టుమెంటుకు గానుగ సున్నం తెమ్మని నేను అడగడం లేదు. ఏ పదార్థమైనా కాలం తీరినప్పుడు ఎవరో ఒకరు పట్టించుకోవాలి, ఆ కాలమెంతో ముందే తెలిసుండాలి అని మాత్రమే నా గోల.

వాన నీటిని గోడ మీదకు రానివ్వకపోవడం అన్నిటికన్నా చవకైన మందు. సన్‌షేడ్ అడుగున, అంచుకు కాస్త లోపలగా, వేలు పట్టేంత గాడి తీస్తే నీటి బొట్టు అక్కడ తెగి కిందికి రాలుతుంది. గాడి లేకపోతే నీళ్లు పలక అడుగును అంటిపెట్టుకుని గోడ దాకా పాకుతాయి. పిట్టగోడ పైభాగానికి వాలు లోపలికి, అంటే డాబా వైపు ఉండాలి. బయటికి ఉంటే దాని మీద చేరిన దుమ్మంతా మొదటి వానకు ముఖం మీద చారలవుతుంది. వీటికి ప్రత్యేకమైన సిమెంటు అక్కర్లేదు, ఒక పూట శ్రద్ధ కావాలి. కానీ ఇప్పటి ఫ్యాషను సన్‌షేడ్‌నే తీసేసింది. నున్నని పెట్టెలాంటి ఎలివేషన్లు కావాలంటున్నారు, కిటికీ గోడతో సమానంగా ఉండాలంటున్నారు. పత్రికల్లో ఫోటోకు బాగుంటుంది. నైరుతి వానకు ఎదురుగా ఉన్న ఆ కిటికీని కాపాడేది వేలి మందం సిలికాన్ ఒక్కటే. తరతరాలుగా వానలో బతికిన మనుషులు చూరు ఎందుకు చాచారో ఎవరూ అడగరు.

రంగు గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే అందరూ మాట్లాడేది దాని గురించే. డబ్బా మీద ఏడేళ్లు, పదేళ్లు అని రాసుంటుంది. ఆ హామీ వెనక షరతులుంటాయి: పూత పూర్తిగా ఆరి ఉండాలి, అడుగున ప్రైమరు వేసుండాలి, పగుళ్లు ముందే పూడ్చుండాలి. తాజా పూతలోని క్షారం తగ్గడానికి సుమారు 28 రోజులు కావాలి. అప్పగింత తేదీ ముంచుకొస్తుంటే ఆ 28 రోజులు ఎవరిస్తారు? నున్నగా కనబడాలని బయటి గోడకు కూడా మందంగా లప్పం పెట్టేవాళ్లున్నారు. తడి తగిలి ఆ లప్పం మెత్తబడితే రంగుతో సహా పొరలుగా లేచిపోతుంది. అప్పుడు తిట్లు రంగుల కంపెనీకి పడతాయి.

అద్దాలు, అల్యూమినియం పలకలు తొడిగిన భవనాలకు లెక్క వేరు. మూడు మీటర్ల అల్యూమినియం పలక తెల్లవారుజాము చలికీ మిట్టమధ్యాహ్నపు ఎండకూ మధ్య 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 2.75 మిల్లీమీటర్లు సాగుతుంది. దాని వెనకున్న కాంక్రీటు అందులో సగమే సాగుతుంది. రోజూ ఆ తేడాను మోసేది మధ్యలోని సీలెంటు. అద్దం చెడేలోగా అది చెడుతుంది. పన్నెండో అంతస్తు సీలెంటు మార్చడానికి తాళ్లు కట్టే కొక్కేలైనా పైన ఉన్నాయో లేదో చాలా భవనాల్లో ఎవరికీ తెలియదు. పలక లోపలి గుజ్జు ఏమిటన్నది ఇంకా పెద్ద ప్రశ్న. లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో 2017 జూన్ 14న మంటలు అంత వేగంగా పైకి పాకడానికి ప్రధాన కారణం, గోడకు తొడిగిన పలకల్లోని పాలిథిలిన్. 72 మంది చనిపోయారు. మాకు విశాఖలో అగ్ని కాదు, గాలి పాఠం చెప్పింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక నగరంలో అద్దాల ముఖాలు ఎన్ని మిగిలాయో చూసినవాళ్లు మర్చిపోలేరు. మన గాలి ప్రమాణం ప్రకారం విశాఖకూ విజయవాడకూ సెకనుకు 50 మీటర్ల వేగానికి డిజైను చేయాలి, హైదరాబాదుకు 44. ఆ అద్దం ఏ వేగానికి డిజైను చేశారన్నది కొన్నవాడి కాగితాల్లో నేను ఇంతవరకు చూడలేదు.

బయటి గోడను పట్టించుకునే పని ఇతర దేశాలు ఎప్పుడో మొదలుపెట్టాయి. జపాన్ 2000 సంవత్సరం నుంచి కొత్త ఇళ్ల ప్రధాన నిర్మాణానికి, వాననీరు లోపలికి రాకుండా ఆపే భాగాలకు పదేళ్ల బాధ్యత తప్పనిసరి చేసింది. వాననీటిని ప్రత్యేకంగా పేర్కొనడం గమనించండి. సింగపూర్ 2022 నుంచి 20 ఏళ్లు దాటిన, 13 మీటర్ల కన్నా ఎత్తున్న భవనాల ముఖాన్ని ఏడేళ్లకోసారి తనిఖీ చేయిస్తోంది. న్యూయార్క్‌లో పైనుంచి రాలిన ముక్క తగిలి 1979లో ఒక విద్యార్థిని చనిపోయాక 1980లోనే అలాంటి చట్టం తెచ్చారు.

మన గడువును ఐదు నుంచి పదేళ్లకు పెంచడం పార్లమెంటు పని, మీ చేతిలో లేదని నాకు తెలుసు. నేను అడిగేది మీ చేతిలో ఉన్నదే. 37వ సెక్షన్ కింద మీరిచ్చే ఆదేశాలు ప్రమోటర్లు పాటించి తీరాలి. 17వ సెక్షన్ ప్రకారం భవనానికి సంబంధించిన అవసరమైన పత్రాలు, ప్లాన్లు అసోసియేషన్‌కు అప్పగించాలి. "అవసరమైన పత్రాలు" అంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పలేదు. ఆ జాబితాలో బయటి గోడల పత్రం ఒకటి చేర్చండి. రెండు పేజీలు చాలు. భవనం ఐఎస్ 456 ప్రకారం ఏ తరగతి పరిసరంలో ఉంది, ముఖం వైపు బీములకు, స్తంభాలకు, సన్‌షేడ్లకు కప్పు ఎంత, కవర్ మీటరుతో కొలిస్తే ఎంత వచ్చింది, బోరు నీళ్ల రిపోర్టు, పూత పాళ్లు, మందం, పూసిన నెల, రంగు పేరు, ఎన్ని చేతులు, సీలెంటు రకం, పలకలుంటే లోపలి గుజ్జు, ఒక్కోదానికి ఎన్నేళ్ల ఆయుష్షు అనుకుని డిజైను చేశారు, మొదటి మరమ్మతు ఎప్పుడు చేయాలి, దానికి ఈనాటి ధరల్లో ఎంతవుతుంది. చివరి అంకె కార్పస్ ఫండ్ పక్కన పెట్టి చూస్తే కొనేవాడికి చాలా విషయాలు అర్థమవుతాయి.

బిల్డర్లు ఒక మాట అంటారు, అందులో న్యాయం ఉంది: "వీళ్లు ఎక్కడ పడితే అక్కడ గోడకు తూట్లు పొడిచి గ్రిల్లులు బిగిస్తారు, ఏసీ నీళ్లు గోడ మీదే వదిలేస్తారు, పదేళ్లయినా ఒక్క పైపు మార్చరు, ఆయుష్షుకు మేమెలా పూచీ ఇవ్వాలి?" ఇది నిజం. భవన ఆయుష్షు లెక్కగట్టే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15686 కూడా పదార్థం నాణ్యత, డిజైను, పనితనం, లోపలి వాతావరణం, బయటి వాతావరణం, వాడకంతో పాటు నిర్వహణనూ లెక్కలోకి తీసుకుంటుంది. నేను పూచీ అడగడం లేదు, ప్రకటన అడుగుతున్నాను. ఆ పత్రం నివాసుల చేతుల్ని కూడా కట్టేస్తుంది. ఐదో ఏట చేయాల్సిన సీలెంటు పని ఎనిమిదో ఏటికి కూడా చేయకపోతే, గోడ కారుతోందని ఎవరి మీదా కేసు వేయలేరు. ఇప్పుడైతే వాదనలో ఇద్దరి దగ్గరా రుజువు లేదు, మీ బెంచి ముందు కూర్చుని ఇద్దరూ ఊహించి మాట్లాడుతున్నారు.

ఎనిమిది ఫ్లాట్లు దాటని, లేదా 500 చదరపు మీటర్లు మించని స్థలంలో కట్టే చిన్న కట్టడాలకు మీ దగ్గర నమోదు అక్కర్లేదు. కొత్త ఇళ్లలో వాటి వాటా పెద్దదే. వాటి సంగతి మున్సిపల్ కమిషనర్లకు వేరే ఉత్తరం రాయాలి.

సంతకం ఎవరు పెట్టాలన్న ప్రశ్న వస్తుంది. ప్రాజెక్టు ఖాతాలో ఉంచిన 70 శాతం సొమ్ములోంచి డబ్బు తీయాలంటే ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు సర్టిఫికెట్లు ఇవ్వాలని చట్టమే చెబుతోంది. అదే ఇంజనీరు, అదే ఆర్కిటెక్టు ఈ రెండు పేజీల కింద కూడా తమ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు రాస్తే సరిపోతుంది. కవర్ మీటరు చేతిలో పట్టుకునే చిన్న పరికరం. ఒక భవనం ముఖాన్ని దానితో కొలవడం మా వృత్తిలో మామూలు పని, గోడ పగలగొట్టక్కర్లేదు. ఒక్కసారిగా రెండు రాష్ట్రాలకూ కష్టమనుకుంటే తీరప్రాంత జిల్లాల్లో కొత్తగా నమోదయ్యే ప్రాజెక్టులతో మొదలుపెట్టండి. హైదరాబాదులో అద్దాల, పలకల ముఖాలున్న నివాస టవర్లకు మాత్రం ఆలస్యం చేయకండి. పత్రం నమూనా తయారుచేయడానికి కూర్చోమంటే మా ఊరి మరమ్మతుల ఇంజనీర్లం కొందరం సిద్ధంగా ఉన్నాం, పైసా తీసుకోం. చెక్కిన ముక్కల సంచీ కూడా తెస్తాం. ఏ భవనానివో చెప్పం గానీ, కప్పు ఎంత ఉందో మీరే టేపు పెట్టి చూడొచ్చు.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి ఒక సివిల్ ఇంజనీరు